కండ్లెవరి పోలిక

ఆదివారం పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పొంగితే దాని సంగతి చూద్దామని కాపలా కాస్తుంటే జోయెల్ ఫోన్ చేశాడు. జోయెల్ ఒకప్పుడు రోడ్డు మీద గొంతు చించుకుని ర్యాప్ పాడిన పిల్లాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఏదో కంపెనీలో మేనేజరు. మీటింగుల్లో కూర్చుని కూర్చుని మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాడు. "అక్కా, సత్తెమ్మగారు పోయారక్కా. మన నర్సి వాళ్ళమ్మ. నిద్రలోనే పోయారంట. వాడి చెల్లెలు అనిత నీ నంబరు అడిగి తీసుకుంది. ఏదో ఫోటో పనుందట," అన్నాడు. ఆ చివరి మాట చెవిన పడేసరికి చేతిలో గరిటె ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. తుడవబుద్ధి కాలేదు. నర్సి పోయి ఎన్నేళ్ళయిందో నేను లెక్క పెట్టుకోను. కానీ ఇప్పటికీ ఏ ఆఫీసు ముందైనా నున్నటి గ్రానైట్ మెట్లు కనబడితే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. చక్రాల చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించుకుంటాను. వినబడదు. వినబడదని తెలిసి కూడా ప్రతిసారీ నిలబడతాను.

'ఫోటో పని' అనే మాటకు మా ఇంట్లో ఒకటే అర్థం. పెళ్ళిళ్ళనూ పుట్టినరోజులనూ 'ఆర్డరు' అనేవాళ్ళం. ఫోటో పని అంటే ఎవరో పోయారని. లింగంపల్లి స్టేషనుకు పోయే సందులో నాన్నకు చిన్న స్టూడియో ఉండేది. ముందు గది స్టూడియో, వెనక గదులు ఇల్లు, రెంటికీ మధ్యన ఎర్ర బల్బు వెలిగే చీకటి గది. ఆ గదిలోని మందు నీళ్ళ పుల్లటి వాసన ఇల్లంతా ఉండేది, నాన్న వేళ్ళకైతే సబ్బుతో కూడా పోయేది కాదు. ఆయన అన్నం కలిపి ముద్ద పెడితే అందులోనూ అదే వాసన. "ఈయన చెయ్యి వడితే పప్పుచారు గూడ ఫోటో అయితది," అనేది అమ్మ. కడగాల్సిన ప్రింట్లన్నీ స్నానాల గదిలో బకెట్లో వేసేవాడు. బకెట్లో ఎవరో పెళ్ళికూతురు మునుగుతూ తేలుతూ ఉంటే, మేం తువ్వాళ్ళు భుజాన వేసుకుని బయట నిలబడేవాళ్ళం. తర్వాత అదే పెళ్ళికూతురు దండెం మీద నా లంగా పక్కన క్లిప్పు పెట్టించుకుని ఆరేది. అద్దం వెనక మేకుకు ఒక నల్ల కోటు, ముడి విప్పనక్కర్లేని టై వేలాడుతుండేవి. లింగంపల్లిలో సగం మంది ఉద్యోగాల దరఖాస్తులకు ఆ కోటుతోనే ఫోటో దిగారు. స్టూలు మీద కూర్చున్న వాళ్ళందరికీ నాన్న ఒకటే పాఠం చెప్పేవాడు. "గడ్డం జర దించు. రెండు చెవులు కనబడాలె. లెన్సులకు సక్కగ జూడు. రెప్ప కొట్టకు."

ఫోటో పనికి పిలుపొస్తే నాన్న ఏ వేళనైనా తెల్ల చొక్కా వేసుకుని, నల్ల సంచీ తీసుకుని వెళ్ళేవాడు. తిరిగొచ్చాక వెనక గుమ్మం దగ్గరే స్నానం. అమ్మ చెంబులో పసుపు నీళ్ళు కలుపుకుని సిద్ధంగా ఉండేది. ఆయన మీద చల్లి ఊరుకోదు, సంచీ మీద కూడా చల్లేది. "లెన్సు మీద వడితే నీ పసుపుతోటే పొయ్యి మీద కుండ ఎక్కియ్యాలె ఇగ!" అని నాన్న అరిచేవాడు. అయినా అమ్మ చల్లడం మానలేదు, ఆయన అరవడం మానలేదు. అప్పట్లో చాలామంది బతికినన్నాళ్ళూ ఒక్క ఫోటో కూడా దిగకుండానే పోయేవాళ్ళు. దినాల నాటికి గోడకు పెట్టి దండ వేయడానికి ఏదో ఒకటి కావాలి కదా. నాన్న పోయినవాళ్ళ మొహమే తీసుకొచ్చి, ప్రింటు మీద సన్నటి కుంచెతో కళ్ళు తెరిపించేవాడు. అలా తెరిపించే పనిలో మా చుట్టుపక్కల ఆయనను మించినవాళ్ళు లేరు. అందుకని ఫోటో తీయడం అయిపోయాక ఆ ఇంటి నుంచి బయల్దేరే ముందు తప్పకుండా ఒక ప్రశ్న అడిగేవాడు. "కండ్లెవరి పోలిక?"

ఆ ప్రశ్నతో ఏడుపులు ఆగిపోయేవి. చిన్న కొడుకు కళ్ళని ఒకరంటే, కాదు పెద్ద బిడ్డవని ఇంకొకరు, వాదన మొదలయ్యేది. చివరికి ఎవరి కళ్ళని తేలితే వాళ్ళను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, లెన్సులోకి చూడమని మరో ఫోటో తీసేవాడు. ఇంటికొచ్చి కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఆ కళ్ళను చూస్తూ ఈ మొహంలో పెట్టేవాడు. నేను బడికి పోయేటప్పుడు కళ్ళు మూసుకుని ఉన్న ముసలాయన, తిరిగొచ్చేసరికి నన్నే చూస్తూ ఉండేవాడు. ఒకసారి జ్వరం కూడా వచ్చింది నాకు. అన్నిటికన్నా నన్ను వణికించింది మాత్రం ఆ తర్వాత సంగతి. కొన్నాళ్ళకు అమ్మతో కలిసి ఆ ఇళ్ళకు పేరంటానికో, పలకరింపుకో వెళ్ళేదాన్ని. గోడ మీద తాతకు దండ వేసి ఉండేది. కింద కూర్చుని నాకు చాయ్ అందిస్తున్న కొడుకు కళ్ళూ, పైన తాత కళ్ళూ ఒకటే. ఆ ఇంట్లోవాళ్ళు ఆ సంగతే మర్చిపోయేవాళ్ళు. "మా నాయన కండ్లు జూడు, ఎట్ల మెరుస్తయో!" అని నాకే చూపించేవాళ్ళు. వాళ్ళంతా మరిచిపోయిన దాన్ని నేనొక్కదాన్నే గుర్తుంచుకుని ఏం చేయాలి? చాయ్ వద్దని అమ్మ కొంగు పట్టి లాగేదాన్ని.

అందుకేనేమో, నా చేతికి సొంత కెమెరా వచ్చినప్పుడు మొండిపట్టు పట్టాను. లెన్సులోకి చూసే మనిషిని నేను తీయను, అంతే. నాన్న నవ్వేవాడు. "మరి ఏం తీస్తవే? బర్లనా?" అనేవాడు. నేను తీసింది ఏమిటో ఆయనకు చూపించినప్పుడు ఇంకా నవ్వాడు. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా అప్పుడప్పుడే అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. వారమంతా అక్కడ మెడలో కార్డులేసుకున్న జనం, బస్సులు, దుమ్ము. ఆదివారం పొద్దున మాత్రం చీమ చిటుక్కుమన్నా వినబడేంత ఖాళీ. ఒక ఆదివారం అలా కెమెరా పట్టుకుని తిరుగుతుంటే టకటకమని చప్పుడు వినబడింది. ఒక పెద్ద ఆఫీసు ముందు, నల్ల గ్రానైట్ గట్టు మీద, చక్రాల చెక్క ఒకటి, స్కేట్‌బోర్డు, జారుతూ పోతోంది. దాని మీద ఒక కుర్రాడు. తలకు టోపీ, ముక్కూ నోరూ మూస్తూ ఎర్ర దస్తీ. గట్టు చివర గాలిలోకి లేచి, చెక్కతో సహా నేల మీద దిగి, దిగీ దిగడంతోనే ఊళ వేశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను విజిల్ వేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అతనూ, గట్టు పక్కన ఉన్న అతని స్నేహితులూ పరుగు తీస్తే, వాళ్ళతో పాటు నేనూ పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో తెలియదు, నన్నెవరూ తరమలేదు.

అలా దొరికాడు నర్సింగ్, మా అందరికీ నర్సి. ఖాజాగూడ చెరువు అవతల బండల పక్కన వాళ్ళ ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి సత్తెమ్మ, చెల్లెలు అనిత. ఆ బోర్డు బెంగుళూరు నుంచి వచ్చిన ఎవరో వదిలేసి పోతే దొరికింది. చక్రాలు అరిగితే కొత్తవి కొనే దిక్కు లేదు. బాలానగర్‌లో జోయెల్ స్నేహితుడి తండ్రికి లేత్ షెడ్డు ఉండేది, బేరింగులూ ఇరుసులూ అక్కడే బాగు చేయించుకునేవాళ్ళు. ఆ షెడ్డులోనే జోయెల్ వాళ్ళ పంక్ బ్యాండు కూడా. గిటారు తీగలు రెండు ఎప్పుడూ తెగే ఉండేవి, డ్రమ్ముల బదులు ఖాళీ పీపాలు. పక్క షెడ్డులో ప్రెస్ మిషన్లు అంతకన్నా గట్టిగా మోగుతుండేవి కాబట్టి వీళ్ళ పాట మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. జోయెల్ వాళ్ళది గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం, తల్లి నర్సు. ఆదివారం చర్చిలో క్వయర్ పాడి, తెల్ల చొక్కాతోనే మా దగ్గరికి వచ్చి, నర్సి గట్టు మీద జారుతుంటే చక్రాల చప్పుడుకు తగ్గట్టు తెలుగూ ఉర్దూ కలిపి ర్యాప్ అల్లేవాడు. కిరాయి మీద, బస్సు మీద, నీళ్ళ ట్యాంకర్ మీద. "ఇందాక దేవుడి పాట పాడిన నోటితోనేనా ఇప్పుడీ బూతులు?" అని నేనడిగితే, "దేవుడు ఆదివారం బిజీ అక్కా, ఇటు వినడు," అనేవాడు. నేను వాళ్ళను తీస్తూనే ఉండేదాన్ని. గాలిలో తిరిగే బోర్డు, చిరిగిన బూట్లు, గోకుడు పడ్డ మోచేతులు. ఆ రకం ఫోటోల్లో లేచిన చోటూ దిగే చోటూ రెండూ పడాలి, మొహం పడ్డా పడకపోయినా ఒకటే. నాకు కావలసిందీ అదే. నర్సికి కావలసిందీ అదే. "మొఖంతోని ఏం పనక్కా? మొఖం అందరికుంటది. కాళ్ళు తియ్యి," అనేవాడు. దస్తీ మాత్రం ఎంత ఎండలోనైనా తీసేవాడు కాదు.

ఆ దస్తీ సంగతి నాకు జోయెల్ చెప్పాడు. సత్తెమ్మ పని చేసేది ఆ గట్టున్న ఆఫీసు మేడలోనే. కింది హాలంతా తుడవడం, అద్దాలు కడగడం ఆమె పని, ఆదివారాలు కూడా. ఆ మేడకు ముందంతా అద్దమే. బయట నిలబడితే మన మొహమే మనకు కనబడుతుంది. దొరికితే తల్లి ఉద్యోగం ఊడుతుందని నర్సికి భయం. మరి ఇంకో చోటికి పోవచ్చు కదా అంటే, "గీ గట్టు అసొంటిది హైదరాబాద్ మొత్తంల లేదక్కా," అనేవాడు. చెక్క జారాలని ఆ గట్టు అంచుకు కొవ్వొత్తి రుద్దేవాడు. దస్తీ జారిందేమోనని అద్దం ముందు నిలబడి సవరించుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి బోర్డు ఎక్కేవాడు. ఆ అద్దంలో అతన్నీ, అతని వెనక నన్నూ, నా వెనక లేస్తున్న క్రేన్లనూ చూసిన గుర్తు. ఎంత సంతోషంగా ఉండేదాన్నో ఆ పొద్దుల్లో! ఇంట్లో చావు, బయట ఈ గెంతులు. నేను బయటే ఉండిపోవచ్చుననుకున్నాను.

వానాకాలంలో నర్సికి జ్వరం వచ్చింది. అందరికీ వస్తోంది, తగ్గుతోంది, ఇతనిదీ తగ్గుతుందనుకున్నారు. డెంగీ అని తేలి దవాఖానలో చేర్చేసరికే ఆలస్యమైంది. జోయెల్ వాళ్ళమ్మ రక్తం కోసం తిరగని చోటు లేదు. గట్టు మీద నుంచి అన్నిసార్లు పడి, పడ్డప్పుడల్లా నవ్వుకుంటూ లేచిన పిల్లాడు, ఒక దోమకు లేవకుండా పోయాడు. ఆ దేవుడి మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారనవసరం కూడా లేదు.

ఖననం అయిన కొద్ది రోజులకు సత్తెమ్మ మా స్టూడియోకు వచ్చింది. అంతకుముందు ఆమెను నేను దగ్గరగా చూడలేదు. సన్నటి మనిషి, నూనె రాసి బిగించిన జుట్టు, యూనిఫారం చీర మీదే వచ్చింది. స్టూలు మీద కూర్చుని కొంగులోంచి ఒక హాల్ టికెట్ తీసింది. పదో తరగతిది. చిన్న పిల్లాడు, మొహం మీద సగం దాకా స్టాంపు. "గిదొక్కటే ఉంది అన్నా," అంది నాన్నతో. "దినాలకు ఫోటో వెట్టాలె. గిది పోరగాడు. నా కొడుకు మీసమొచ్చి పోయిండు. గీ బిడ్డ దగ్గర వాని ఫోటోలు శాన ఉన్నయంటె వచ్చిన." నేను లోపలికి వెళ్ళి డబ్బాలకు డబ్బాలు తెచ్చి బల్ల మీద పరిచాను. నర్సి గాలిలో, నర్సి గట్టు మీద, నర్సి మోకాలు, నర్సి వీపు. టోపీ, దస్తీ. టోపీ, దస్తీ. సత్తెమ్మ ఒక్కొక్కటే తీసి చూసి, బోర్లించి పక్కన పెడుతోంది. ఇన్ని ఫోటోలు తీశాను కదా, ఒక తల్లికి గోడ మీద పెట్టుకోవడానికి ఒక్క మొహం లేదు.

"దస్తీ ఎందుకు కట్టుకునేటోడో తెలుసా పెద్దమ్మా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నాకు తెల్వదనుకుంటున్నవా బిడ్డా?" అని సత్తెమ్మ తలెత్తింది. "దస్తీ కడితే కొడుకును గుర్తువట్టనా? బయట్నుంచి అద్దంల ఏం కనబడది గని, లోపట్నుంచి అంత కనబడ్తది. వాడు అద్దం దగ్గర నిలబడి దస్తీ సవరించుకునేటోడు. వానికెదురుగ, గింత దూరంల, నేను తుడిచే పోంచా వట్టుకోని నిలబడి వాన్నే జూసేదాన్ని. నడుమ అద్దం. నవ్వాగకపోతుండె నాకు. సోమారం పొద్దుగాల సూపర్‌వైజర్ పరేషాన్ జేసేటోడు, గట్టు మీద గీ మరకలేందని. గాసునూనె వోసి నేనే రుద్దేదాన్ని. కొవ్వొత్తి వానికెవడు జెప్పిండో గని, నా రెక్కలు వడిపోయేటియి." చెబుతూ చెబుతూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నాన్న లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నాడు.

చివరి డబ్బాలో అడుగున ఒక ప్రింటు దొరికింది. పడిపోయి, మెట్ల మీద కూర్చుని, దస్తీ మెడలోకి జారి, చిరిగిన బూటులోంచి బయటికొచ్చిన తన బొటనవేలును చూసుకుని నర్సి నవ్వుతున్నాడు. నేను రీలు అయిపోతోందని ఊరికే నొక్కిన ఫోటో. మొహమంతా ఉంది, మీసంతో సహా. కానీ చూపు కిందికి వాలి ఉంది. సత్తెమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "నవ్వుతుండు," అంది. కాసేపటికి, "గని కండ్లు మూసినట్టున్నయి అన్నా. దవాఖానల గూడ గిట్లనే ఉండె. నాకు గిట్ల వద్దు," అంది. నాన్న ఆ పని మానేసి చాలా ఏళ్ళయింది. కంప్యూటర్లొచ్చాయి, ఆయన కళ్ళకు పొర కూడా వచ్చింది. అయినా బల్ల మీది ప్రింటును కళ్ళకు ఆనించుకుని చూసి, పాత గొంతుతో అడిగాడు. "కండ్లెవరి పోలిక, చెల్లె?"

"నాయే," అంది సత్తెమ్మ. ఈ ఒక్క ఇంట్లోనే వాదన లేదు.

కుంచె తాను పడతాననీ, కెమెరా నన్ను పట్టమనీ నాన్న అన్నాడు. నావల్ల కాదన్నాను. నాన్నకు కోపం వచ్చింది. "ఇన్ని దినాలు ఉరికెటోళ్ళను, దునికెటోళ్ళను తీసినవ్ గద? గిప్పుడు కూసున్నామెను తియ్యరాదా నీకు?" అన్నాడు. ఆ మాట సూటిగా తగిలింది. నీలం గుడ్డ దించి, లైట్లు వేసి, కెమెరా స్టాండుకు ఎక్కించాను. సత్తెమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. నాన్న ఆమెను మొహం కడుక్కొని రమ్మన్నాడు, మళ్ళీ చాయ్ ఇప్పించాడు, మెల్లగా చెప్పాడు. "ఏడ్చిన కండ్లు వద్దు చెల్లె. అవి పెడితె పోరడు గోడ మీద ఏడ్చుకుంట ఉంటడు. అద్దం లోపట్నుంచి వాన్ని ఎట్ల జూసేదానివి? గట్ల జూడు. గిదే నీ అద్దం." సత్తెమ్మ లెన్సులోకి చూసింది. ముందు ఆ చూపులో ఏమీ కనబడలేదు. తర్వాత కళ్ళ కొసల్లో సన్నగా మెరుపు వచ్చింది, దొరుకుతాడేమోనన్న భయం, ఎంత బాగా దుంకుతున్నాడో అన్న మురిపెం, నవ్వాపుకోవడం, అన్నీ కలిసి. నేను లెన్సుకు ఇవతల ఉన్న సంగతి ఆమె మర్చిపోయింది. ఆమె నా వైపు చూడటం లేదు. నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు వీపంతా చల్లబడింది. బటన్ నొక్కాను గానీ తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

లేచి వెళ్తూ సత్తెమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఇగ అవి వానియి బిడ్డా," అంది నాతో. "నేను మళ్ళ ఏ ఫోటోల కండ్లు తెరిచి జూడ. రెండు మొఖాలకు ఒక్కటే జత ఎట్ల సరిపోతది?"

నాన్న కిటికీ పక్కన పగటి వెలుతురులో కూర్చుని ఆ పని చేశాడు. రెండు జతల కళ్ళద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకునేవాడు. అయినా కనబడేది కాదు. "రెప్ప గీత సన్నగుందా? నల్లగుడ్డు పక్కకు పోయిందా?" అని అడుగుతూ ఉంటే, నేను పక్కన కూర్చుని చెబుతుండేదాన్ని. అమ్మ అటు వచ్చి చూసి, చెంగుతో కళ్ళు ఒత్తుకుని పోయేది. చివరన కుంచె నా చేతికిచ్చాడు. "గుడ్డుల తెల్ల సుక్క నువ్వు వెట్టు. అది వడితేనే పానం," అన్నాడు. పెట్టాను. నర్సి తలెత్తి నన్ను చూశాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది, బండ ఏడుపు, వీధిలోకి వినబడేలా. నాన్న నా తల నిమురుతూ ఉండిపోయాడు. ఆ వేళ్ళకు అదే పుల్లటి వాసన. దినాల నాడు ఖాజాగూడలో ఆ ఫోటోకు బంతిపూల దండ వేశారు. జోయెల్ దాని ముందు నిలబడి, "నర్సిగాడు నన్నే చూస్తున్నట్టుందక్కా," అన్నాడు. సత్తెమ్మ మూల కూర్చుని ఉంది. నేను పైకి చూశాను, మూలకు చూశాను, మళ్ళీ చిన్నప్పటిలా చాయ్ వద్దని బయటికొచ్చేశాను. అనిత అప్పటికి చిన్నపిల్ల. ఆ కళ్ళ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

మొన్న ఖాజాగూడ వెళ్ళేటప్పుడు దారిలో ఆ మేడ ముందు దిగాను. గట్టు ఉంది గానీ, బోర్డులు జారకుండా అంచు పొడుగునా ఇనుప గుబ్బలు కొట్టారు. ఇప్పటి పిల్లలకు గట్లు ఎందుకులే, డబ్బు కట్టి లోపలికి పోయే స్కేట్ పార్కులున్నాయి. వాళ్ళు దుంకే ముందు ఫోనుకు మొహం చూపించి, పేరు చెప్పి, ఆ తర్వాత దుంకుతారు. నేనేమీ తప్పు పట్టను. నర్సి కూడా ఒక్కసారి అలా చూపించి ఉంటే బాగుండేది కదా అనే అనుకుంటాను. నాన్న మాత్రం తన ఫోటో తానే ముందుగా తీయించుకుని, ఫ్రేము కట్టించి, "దండ ఒక్కటి మీరు తెచ్చుకోన్రి," అని చెప్పి మరీ పోయాడు. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో, సెక్యూరిటీ అమ్మాయి వచ్చి, "ఎవరు కావాలె మేడమ్?" అని అడిగింది. ఎవరూ లేరని చెప్పి వచ్చేశాను.

అనిత ఇల్లు బండల వెనక సందులో, పాత ఇంటి స్థలంలోనే కట్టిన మేడలో రెండో అంతస్తు. టీచరు ఉద్యోగం చేస్తోంది, మాట్లాడితే అచ్చం తల్లి గొంతు. నన్ను పట్టుకుని ఏడ్చి, నీళ్ళిచ్చి, ఫోను తీసింది. "జూడు అక్కా. నా పెండ్లిల, పాప బారసాలల, తిరుపతిల, ఏడ జూసినా గిట్లనే." ఫోనులో ఒక్కొక్కటీ జరుపుతోంది. సత్తెమ్మ పట్టుచీరలో, సత్తెమ్మ మనవరాలిని ఎత్తుకుని, సత్తెమ్మ గుండు చేయించుకుని. అన్నింటిలోనూ కళ్ళు మూసుకునే ఉంది. "ఫోను లేపుడే ఆలస్యం, కండ్లు గట్టిగ మూసుకునేది. మస్తు నవ్వెటోళ్ళం. లైటుకు భయమేమో అనుకున్నం. ఆధార్‌ల సుత నకరాలు జేసి, ఆఖరికి ఎట్లనో తీసిండ్రు, అండ్ల దొంగ లెక్క వడ్డది. మా పాప ఏదో యాప్‌ల వెడితె కండ్లు తెరిచింది గని, అవి మా అమ్మయి కావు అక్కా. ఎవరో హీరోయిన్‌వి. చూస్తె నాకే భయమైంది, తీసెయ్యమన్న." ఆమె ముక్కు తుడుచుకుని నా చేయి పట్టుకుంది. "మీ నాయిన కండ్లు తెరిపిస్తుండె అని జోయెల్ అన్న చెప్పిండు. నీకు గూడ వస్తది గద? దినాలకు అమ్మను కండ్లు మూసుకోని గోడకు వెట్టలేను."

అన్నేళ్ళూ, అన్ని పెళ్ళిళ్ళలో, అన్ని పండగల్లో, ఎవరు ఫోను ఎత్తినా ఆ మనిషి మాట తప్పలేదు. మేమిద్దరమే విన్న మాట అది, నాన్నా నేనూ. నాన్న పోయాక నేనొక్కదాన్నే. ఇంట్లో అందరూ నవ్వినా ఆమె కారణం చెప్పలేదు, చెబితే గోడ మీద ఉన్నవాడి కళ్ళు అతనివి కాకుండా పోతాయనేమో. నా సంచీలో ఆ రోజు తీసిన సత్తెమ్మ నెగెటివ్ ఉంది. జోయెల్ ఫోన్ చేసిన రోజే వెతికి తీసి, ఎందుకో తెలియకుండానే వెంట తెచ్చుకున్నాను. తీసి అనితకు చూపించి, ఇదిగో మీ అమ్మ, అనవచ్చు. అలా అంటే, ఆ గోడ మీద ఆమెకు ఇంక ఎప్పటికీ అన్న కనబడడు, అమ్మే కనబడుతుంది. సంచీ జిప్పు మీద చేయి వేసి, తీసేశాను. గొంతు సవరించుకుని, మా నాన్న అడిగినట్టే అడిగాను.

"కండ్లెవరి పోలిక, అనితా?"

అనిత ఆలోచించనైనా లేదు. తలెత్తి గోడ వైపు చూపించింది. చిరిగిన బూటును మరిచిపోయి, దస్తీ మెడలో వేసుకుని, నర్సి మమ్మల్ని చూస్తున్నాడు.

"అన్నయి," అంది. "అమ్మకు అచ్చం మా అన్న కండ్లే అక్కా. అవే వెట్టు."

"సరే బిడ్డా, అవే పెడతా," అన్నాను.

ఈసారి ఆమె ఇచ్చిన చాయ్ వద్దనలేదు, చల్లారే దాకా ఆ గోడ కిందే కూర్చుని తాగాను.